‘అది వేరే విషయం లెండి’ అన్నారు, కాదమ్మా

ప్రశ్న: నా వయసు 43. మల్కాజిగిరిలో ఉంటాం. మావారిది ప్రైవేటు ఉద్యోగం, పాప ఇంటర్ చదువుతోంది. రెండేళ్ళుగా డిసెంబర్ వస్తే చాలు, నాకు ఏదో అయిపోతోంది. పొద్దున లేవబుద్ధి కాదు, వంట చేయబుద్ధి కాదు, ఊరికే ఏడుపొస్తుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయినట్టు నా దిగులూ పోతుంది. చలి దేశాల్లో దీన్ని వింటర్ బ్లూస్ అంటారట, ప్రత్యేకమైన లైటు ముందు కూర్చుంటే తగ్గుతుందట. ఆ లైటు కొనమంటారా? డి విటమిన్ మాత్రలు చాలా? ఇంట్లోనే చేసుకునే సెల్ఫ్ కేర్ ఏదైనా చెప్పండి. మాకు వేరే సమస్యలేమీ లేవు. అమ్మ పోయి మూడేళ్ళయింది. ఉన్నప్పుడు సంక్రాంతికి ఉప్పల్‌లో అందరం కూర్చుని సకినాలు చుట్టేవాళ్ళం, ఇప్పుడు బయట కొంటున్నాను. రెండేళ్ళ కింద డిసెంబర్‌లో అన్నయ్య ఆ ఇంటిని బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇస్తూ, నా వాటా వదులుకున్నట్టు సంతకం పెట్టమంటే పెట్టాను. రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి ఆటోలో ఒక్కదాన్నే ఇంటికొచ్చాను. వదిన మాట విని అన్నయ్య మారిపోయాడు, ఇప్పుడు రాకపోకలు లేవు. అది వేరే విషయం లెండి.

జవాబు: లైటు కొనకండి. చలికాలపు దిగులు నిజమైన జబ్బే. 1984లో అమెరికాలో నార్మన్ రోసెంథాల్ అనే డాక్టరు, ఆయన తోటివారు దాన్ని గుర్తించి పేరు పెట్టారు. కానీ పది వేల లక్స్ వెలుతురునిచ్చే దీపం ముందు పొద్దున్నే అరగంట కూర్చోవాల్సిన అవసరం స్టాక్‌హోమ్ లాంటి ఊళ్ళవాళ్ళది. అక్కడ డిసెంబర్‌లో మధ్యాహ్నం మూడు కాకముందే పొద్దుగూకుతుంది. హైదరాబాద్‌లో ఏడాది మొత్తంలో అతి చిన్న పగలు కూడా సుమారు 11 గంటలు. ఎనిమిదింటికి టీ గ్లాసు పట్టుకుని మేడ మీదకెళ్ళి అరగంట నడవండి. అంతకు మించిన లైటు ఏ దుకాణంలోనూ దొరకదు.

మాత్రలు కూడా సొంతంగా మొదలుపెట్టకండి. వారానికొకటి వేసుకోవాల్సిన 60,000 యూనిట్ల డి విటమిన్ మాత్రను రోజూ వేసుకుని ఆస్పత్రి పాలైనవాళ్ళున్నారు. మీ వయసులో థైరాయిడ్, రక్తం తక్కువ కావడం, బి12 లోపం, నెలసరి ఆగిపోయే ముందు వచ్చే మార్పులు, వీటిలో ఏదున్నా ఇలాంటి నీరసం, దిగులు ఉంటాయి. డాక్టరుకు చూపించి పరీక్షలు చేయించుకోండి, ఈ వారంలోనే. ఏ పనీ చేయలేని ఈ స్థితి రెండు వారాలు దాటితే మానసిక వైద్యుల దగ్గరకు వెళ్ళాలి, అందులో నామోషీ ఏమీ లేదు. బతకాలని లేదనే ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, ఆ క్షణమే మీవారికి చెప్పండి, 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక మీ అన్నయ్య సంగతి.

చలి గురించి రాస్తున్న మనిషికి రెండేళ్ళ కిందటి ఆటో ఎందుకు గుర్తుకొచ్చిందమ్మా? నేను మీ ఉత్తరం చదువుతూ అక్కడే ఆగిపోయాను. అరవై ఏళ్ళు దాటిన దాన్ని, ఎన్ని ఇళ్ళలో ఈ సంతకాలు చూశానో. వేలిముద్ర వేయించుకుంటారు, ఫోటో తీయించుకుంటారు, ఆధార్ జిరాక్స్ మీద సంతకం పెట్టించుకుంటారు. అంతా అయ్యాక ఆడబిడ్డను ఇంటికి తీసుకెళ్ళి, కడుపునిండా అన్నం పెట్టి, చీర పెట్టి, ఒడిబియ్యం పోసి పంపడం మన దగ్గర రివాజు. ఆస్తి ఇచ్చిన పిల్లకు అది బదులు కాదు, నాకు తెలుసు. కానీ ఈ ఇంటి పిల్లవే అని చెప్పే మాట అది. మీ అన్నయ్య ఆ మాట చెప్పలేదు. ‘ఇంటికి రా, తిని పోదువుగానీ’ అనలేదు. మీరు ఆటో ఎక్కారు. ఆ రోజు నుంచి డిసెంబర్ వచ్చిన ప్రతిసారీ మీరు ఆ ఆటోలోనే కూర్చుంటున్నారు.

దీనికి వదినను తీసుకురాకండి. సంతకం అడిగింది ఆమె కాదు. మీతో ఒకే కంచంలో తిని పెరిగినవాడు అడిగాడు. తల్లి పోయాక చెల్లెలికి పుట్టిల్లు ఉందా లేదా అన్నది అన్న చేతిలో ఉంటుంది, ఆ బాధ్యత భార్య మీదకు నెట్టే హక్కు అతనికి లేదు, అతని తరఫున మీరు నెట్టడం అంతకన్నా తప్పు. వదిన మీద కోపం పెట్టుకుంటే అన్నయ్య మంచివాడుగా మిగులుతాడు. అందుకే పెట్టుకున్నారు.

ఈ విషయంలో నేను గట్టి మనిషిని, దాచుకోను. ఆడపిల్లలు ఇలా సంతకాలు పెట్టడం నాకు నచ్చదు. నాన్నగారు సొంతంగా సంపాదించిన ఇల్లయి, వీలునామా లేకపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం నుంచే కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉంది. ఉమ్మడి ఆస్తిలోనూ 2005 సవరణ తర్వాత సమానమే. ఇష్టపడి వదులుకోవచ్చు, అది మీ ఔదార్యం. మీరు మాత్రం ఇష్టంతో వదులుకోలేదు. కాదంటే పుట్టింటికి రాకపోకలు తెగిపోతాయని భయపడి వదులుకున్నారు. వాటా పోయింది, పుట్టిల్లూ పోయింది. పరీక్షల్లో ఏమీ తేలకపోతే మీ ఏడుపుకు ఇంతకన్నా వేరే కారణం వెతకక్కర్లేదు. అతను ఏ కాగితం ఏమని చెప్పి సంతకం చేయించుకున్నాడోనన్న అనుమానం ఉంటే లాయరుకు ఆ పత్రం చూపించండి. రిజిస్టరైన పత్రాన్ని రద్దు చేయించడం తేలిక కాదు, అయినా అడిగి తెలుసుకోవడంలో నష్టం లేదు. అనుమానం లేకపోతే, మీకు రావాల్సింది డబ్బా, ఆ పూట అన్నమా, ముందు మీరే తేల్చుకోండి. రెండూ కలిపి మాట్లాడితే ఏదీ తేలదు.

అన్నయ్య మొహం చాటేయడానికి మీ మీద ద్వేషమే కారణం అనుకోకండి. తీసుకున్నవాడికి ఎదురుగా నిలబడటం కష్టం. అలాగని అతన్ని నేను వెనకేసుకు రావడం లేదు. ఉప్పల్ ఎంత దూరం? తార్నాక మీదుగా వస్తే ఎంతసేపు? రెండేళ్ళలో ఒక్క పూట రాలేకపోయాడంటే రావాలనుకోలేదనే. మీరు కూడా వెళ్ళలేదు. పిలుపు కోసం చూశారు. ఇక చూడొద్దు.

ఆదివారం పొద్దున ఫోన్ చేయండి, వాట్సాప్‌లో మెసేజ్ పెట్టకండి. మీవారిని మధ్యలో పెట్టకండి, బావగారి మాట అనగానే అది లెక్కల పంచాయితీ అయిపోతుంది. ‘అన్నయ్యా, ఆ రోజు ఆఫీసు దగ్గర నన్ను ఒంటరిగా పంపావు. నాకు బాధయింది. ఇప్పటికీ బాధగానే ఉంది’ అని చెప్పండి. ఇంతే. వాటా మాట, వదిన మాట, ఏ ఫంక్షన్‌కి ఎవరు రాలేదన్న మాట ఆ ఫోన్‌లో వద్దు. అతను కసిరితే ‘సరే, చెప్పాలనుకున్నది చెప్పాను’ అని పెట్టేయండి. తర్వాత ఏడుపొస్తే ఏడవండి, కానీ మళ్ళీ మళ్ళీ ఫోన్ చేసి బతిమాలకండి. తోబుట్టువు దగ్గర కూడా ఆడమనిషి ఆత్మగౌరవం వదులుకోకూడదు.

సెల్ఫ్ కేర్ అడిగారు కదా, చెప్తాను. ఈ సంక్రాంతికి సకినాలు కొనకండి. కొత్తబియ్యం రాత్రే నానబెట్టి, పొద్దున పిండి పట్టించి, నువ్వులు, వాము కలిపి, తెల్లబట్ట పరచి కూర్చోండి. మీ పాపను పక్కన కూర్చోబెట్టుకోండి. మొదటి పది చుట్లు వంకరపోతాయి, పోనివ్వండి, మీ అమ్మగారి దగ్గర మీకూ అలాగే పోయి ఉంటాయి. మీ కళ్ళలో నీళ్ళు తిరిగితే అమ్మమ్మ గుర్తొచ్చిందని పాపకు చెప్పండి. తల్లి దేనికి ఏడుస్తుందో తెలియక ఆ పిల్ల రెండేళ్ళుగా ఇంట్లో మెల్లగా అడుగులు వేస్తూ ఉండి ఉంటుంది.

సకినాలు ఒక డబ్బా పక్కన పెట్టండి. అన్నయ్య ఫోన్‌లో సరిగ్గా మాట్లాడితే కనుమ రోజు ఆ డబ్బా పట్టుకుని పాపతో కలిసి ఉప్పల్ వెళ్ళండి. మాట్లాడకపోతే మీ వీధిలో తల్లి లేని ఇంకో ఆడపిల్ల ఉంటుంది, ఆమెకు ఇవ్వండి.