మిరప ప్రాజెక్టుకు ల్యాబ్, గైడు దొరికేదెలా?

ప్రశ్న: ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ చదువుతున్నాను. మాకు మిరప తోట ఉంది. కాయలు కల్లంలో నేల మీద ఆరబోస్తే మంచిదా, పట్టాల మీదా అన్నది సైన్స్ ప్రాజెక్టుగా తీసుకున్నాను. రంగు, తేమ, ఘాటు, అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల చేరే విషం) అన్నీ చూడాలనుకుంటున్నాను. నలుగురు ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టినా జవాబు లేదు. ఏం చేయాలి?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: నువ్వు అడిగింది ఒక ప్రాజెక్టు కాదమ్మా, నాలుగు. అఫ్లాటాక్సిన్, ఘాటు కొలవడానికి మామూలుగా హెచ్‌పీఎల్‌సీ అనే, పదార్థాలను విడదీసి కొలిచే ఖరీదైన యంత్రం వాడతారు. దాన్ని కొత్తవాళ్ల చేతికి ఎవరూ ఇవ్వరు. ఈ ఏడాదికి రంగు, తేమ చాలు. నేల మీద ఆరిన కాయలకూ పట్టా మీద ఆరిన వాటికీ తేడా ఉందో లేదో చూడటానికి ఆ రెండూ సరిపోతాయి.

రంగు కొలతకు స్పెక్ట్రోఫోటోమీటర్ (ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుందో కొలిచే పరికరం) కావాలి, అది చాలా డిగ్రీ కాలేజీల కెమిస్ట్రీ ల్యాబుల్లో ఉంటుంది. మెత్తని కారం 0.1 గ్రాము తూచి, 100 మి.లీ. ఫ్లాస్కులో వేసి అసిటోన్ గీత దాకా పోసి మూతపెట్టి, చీకట్లో 16 గంటలు ఉంచాలి. ఆ తర్వాత 460 నానోమీటర్ల దగ్గర రీడింగు తీస్తారు. పొడి బరకగా ఉంటే రంగు పూర్తిగా దిగదు, రీడింగు తక్కువ వస్తుంది. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి ఇంట్లో చేయొద్దు. తేమ సంగతి: 105 డిగ్రీల ఓవెన్‌లో పెడితే నీటితోపాటు కాయలోని ఆవిరయ్యే నూనెలూ పోతాయి, తేమ ఉన్నదానికన్నా కాస్త ఎక్కువ చూపిస్తుంది. అందుకే మసాలా దినుసుల ల్యాబుల్లో టోలుయీన్ డిస్టిలేషన్ వాడతారు, అంటే టోలుయీన్ అనే ద్రవంలో మరిగించి బయటికొచ్చిన నీటినే కొలుస్తారు. నీకు ఓవెన్ మాత్రమే దొరికితే అన్ని శాంపిళ్లకూ అదే వాడి, ఆ మాట రిపోర్టులో రాయి.

గైడును వెతికే ముందు కల్లం పని నిర్ణయించుకో. ఒకే రకం, ఒకే కోత కాయలు. నేల మీద మూడు కుప్పలు, పట్టా మీద మూడు, ఒక్కోటి 5 కిలోలు, ఒకే మందంలో పరచాలి. మందం మారితే తేడా నేలదో మందానిదో ఎవరూ చెప్పలేరు. రాత్రి మంచుకు అన్నీ ఒకేలా కప్పాలి. శాంపిళ్లు పాలిథిన్ కవర్లో మూటగట్టకు, చెమ్మ పట్టి బూజొస్తుంది. నంబరు, తేదీ రాసిన కాగితపు కవర్లు వాడు. బూజు పెంచే ప్రయోగం మాత్రం ఇంట్లో వద్దే వద్దు.

ఇక ఎవరిని అడగాలి? ఆరబెట్టడం కోత తర్వాతి పని కాబట్టి బాపట్లలో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి పోస్ట్ హార్వెస్ట్ టెక్నాలజీ కేంద్రం నీ ప్రశ్నకు బాగా దగ్గర. మిరప సంగతులకు లాం ఫారంలోని ఉద్యాన పరిశోధన స్థానం. స్పెక్ట్రోఫోటోమీటర్ కోసం మీ ఊరి డిగ్రీ కాలేజీ, లేదా నాగార్జున విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ విభాగం. స్పైసెస్ బోర్డు ల్యాబ్ గుంటూరులోనే ఉంది గానీ అక్కడ జరిగేది శాంపిళ్ల పరీక్ష, అక్కడ గైడును ఆశించకు.

నీ మెయిళ్లకు జవాబు రాకపోవడానికి కారణం బహుశా “గైడ్ చేయండి సార్” అన్న మాటే. అది ఎంత పనో చదివేవారికి తెలియదు. ఇలా రాయి: “ఆరు కుప్పల నుంచి, ఒక్కోదానికి మూడు చొప్పున, 18 శాంపిళ్లు ఉన్నాయి. రెండు రోజులు స్పెక్ట్రోఫోటోమీటర్ కావాలి. నా పద్ధతిలో తప్పులుంటే చెప్పడానికి మీ 15 నిమిషాలు ఇవ్వగలరా?” కుప్పల పట్టిక ఒక పేజీలో జతచెయ్యి. విభాగాధిపతికన్నా అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు, పీహెచ్‌డీ స్కాలర్‌కు రాస్తే జవాబొచ్చే అవకాశం ఎక్కువ. ఒక్కొక్కరికీ విడిగా, వాళ్ల పనిలో నీకు పనికొచ్చేదేదో ఒక వాక్యంలో చెప్పు. పది రోజులాగి ఒక్కసారి గుర్తుచెయ్యి. అప్పటికీ రాకపోతే ప్రిన్సిపాల్ సంతకంతో లెటర్‌హెడ్ మీద ఉత్తరం తీసుకుని, అమ్మానాన్నల్లో ఒకరితో కలిసి విభాగం ఆఫీసుకే వెళ్లు. కోతలు మొదలయ్యాక వెతికితే ఆలస్యమవుతుంది, దసరా సెలవులకల్లా ఆ ఉత్తరం నీ చేతిలో ఉండాలి.