మట్టిలోనే మందుంటే పురుగు చావదేం?

ప్రశ్న: సార్వా (వానాకాలం) వరి చేలో కాండం తొలిచే పురుగు పడింది. రాత్రి దీపం పెడితే పసుపు రెక్కల పురుగులు ముసురుతున్నాయి. మందుల కొట్టతను బీటీ (బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియా) పొడి ఇచ్చి, ఈ బ్యాక్టీరియా మట్టిలోనే ఉంటుందన్నాడు. అలాంటప్పుడు మా చేలో పురుగు ఎందుకు చావట్లేదు? పురుగూ బీటీ, రెండింట్లో ఏది గట్టిది? – ఒక రైతు, అయినవిల్లి

జవాబు: కొట్టతను చెప్పింది నిజమేనండి. కాకపోతే సగమే చెప్పాడు. బీటీ పురుగు కడుపులోకి వెళ్తేనే పనిచేస్తుంది, ఒంటికి తగిలితే ఏమీ కాదు. అందులో ఉండే ప్రొటీన్ స్ఫటికం పురుగు పేగులోని క్షారానికి కరిగి, పేగు గోడకు కన్నాలు వేస్తుంది. పురుగు ముందు మేత మానేస్తుంది, రెండు మూడు రోజుల్లో చస్తుంది. 1901లో జపాన్‌లో దీన్ని మొదట పట్టుకున్నది కూడా జబ్బుపడ్డ పట్టుపురుగుల్లోనే.

ఇక మీ దీపం దగ్గరి పురుగును పట్టి చూడండి. ముందు రెక్కల మీద ఒక్కో నల్లచుక్క ఉంటే అది ఆడది. దానికి తిండి ధ్యాస లేదు, గుడ్లు పెట్టడమే పని. ఆకు కొస దగ్గర గుంపుగా పెట్టి, పైన గోధుమరంగు నూగు కప్పుతుంది. వారం అటూ ఇటూగా పిల్లలు బయటికొచ్చి, కాసేపు ఆకు మీద తిరిగి, దారం పట్టుకుని గాలికి ఊగి పక్క దుబ్బుకూ చేరి, కాండంలోకి దూరిపోతాయి. ఇక మట్టిలో బీటీ ఎంతుంటే ఏం లాభం? తినేది లోపల, మందు బయట. పిలకల దశలో మొవ్వు ఎండి, లాగితే ఊడొస్తుంది. ఈనాక అయితే తెల్లకంకే, దాన్ని ఏ మందూ బాగుచేయలేదు.

నన్నడిగితే మన వరిలో పురుగే గట్టిది, లోపలికి దూరక ముందు ఆ కాసేపు తప్ప. ఆ చిక్కు విప్పడానికే బీటీ జన్యువును మొక్కలోనే పెట్టారు. పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది, తర్వాత గులాబీ రంగు పురుగు దానికీ అలవాటు పడిపోయింది. వరికి ఆ అనుమతి లేదు.

కాబట్టి పొడి చల్లేదుంటే గుడ్ల గుంపులు కనబడగానే, సాయంత్రం పూట చల్లండి. ఎండకు దాని బలం పోతుంది. ప్యాకెట్ మీద తారీఖు చూశారా? వచ్చే దాళ్వాకు (రబీ వరికి) నారు కొసలు తుంచి నాటండి, గుడ్లు చాలావరకు అక్కడే పోతాయి. దగ్గర్లో ఎవరైనా మల్బరీ వేసి పట్టుపురుగులు పెంచుతుంటే మాత్రం చల్లే ముందు వాళ్లకు కబురు పెట్టండి.