బుడ్డోడిని అప్పజెప్పే ముందు

అమ్మణ్ణీ,

పెద్దమ్మ దీవెనలు. సెప్టెంబరులో నువ్వు చదువుకి జర్మనీ పోతున్నావనీ, మీ అమ్మానాన్న చెన్నైలో అన్న ఫ్లాటుకి మారుతున్నారనీ, మీ కుక్క బుడ్డోడికి కొత్త ఇల్లు వెతుకుతున్నావనీ నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఇల్లు మారేటప్పుడు కుక్కని ఆటోలో ఎక్కించి పెన్నా గట్టునో, హైవే డాబా దగ్గరో దించేసి పోయేవాళ్ళు ఉన్నారు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో 11వ సెక్షన్ కింద అది నేరం కూడా. నువ్వు మూడు నెలల ముందే మొదలుపెట్టావు. ఆ మాట విన్నప్పుడు కడుపు నిండింది తల్లీ. భయం కూడా వేసింది. నువ్వు మంచి ఇల్లే వెతుకుతావు, అందులో నాకు అనుమానం లేదు. ఇచ్చిన తర్వాత మొదటి పదిహేను రోజుల గురించే నా భయమంతా.

ముందు చిన్న పనులు. రేబిస్ టీకా ఏడాదికోసారి వెయ్యాలి, పుస్తకంలో తేదీ చూడు. జులై 6 జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల) రోజున పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. అప్పటిదాకా గడువు లేకపోతే మాత్రం ఆగబాక. నులిపురుగుల మాత్ర మూడు నెలలకోసారి, బరువు తూచి. పిడుదులకి మందు పూయించు. వాడి చిగుళ్ళు పాలిపోయినా, ముక్కులో నెత్తురు కనపడినా పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ ఏమోనని రక్తపరీక్ష చేయించు. జబ్బుతో ఉన్న కుక్కని పంపితే వాళ్ళకి మొదటి వారంలోనే విసుగు పుడుతుంది.

పిల్లలు పుట్టకుండా ఆపరేషను ఇంకా చేయించలేదని మీ అమ్మ అంది. ఈ వారమే చేయించు. కుట్లు మానడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది, పచ్చిపుండుతో కొత్త చోటికి పంపకూడదు. చేయించని మగకుక్క ఎదకొచ్చిన ఆడకుక్క వాసన తగిలితే గోడ దూకి పోతుంది. ఇంకో లాభమేందంటే, పిల్లలు వేయించి అమ్ముకుందామని అడిగేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే తప్పుకుంటారు.

ఇప్పటికి ముగ్గురు అడిగారటగా. ముత్తుకూరు దగ్గర రొయ్యల గుంటలాయన మొదటివాడు. గుంటల దగ్గర కాపలా కుక్క పగలంతా గొలుసుకే ఉంటుంది, నీడ షెడ్డు కింద ఉన్నంతే, ఎండాకాలం తాగడానికి మంచినీళ్ళు ఎవరు పోస్తారో తెలీదు. మంచంకింద పడుకొని పెరిగిన నాలుగేళ్ళ కుక్క అక్కడ అరిచి అరిచి కరవడం నేర్చుకుంటుంది. ఇవ్వబాక. రెండో అబ్బాయి వేదాయపాళెంలో అద్దె గదిలో ఉంటున్నాడు. ప్రేమగానే అడిగుంటాడు, కాదనను. కానీ ఇంటి ఓనరు ఒప్పుకున్నట్టు ఓనరు నోటితోనే వినాలి. ఉద్యోగం మారితే మూడేళ్ళలో మళ్ళీ ఇదే కథ. ఇక ఒంగోలు వాళ్ళు. నాకు వాళ్ళమీదే మనసుంది. అయినా ఒకసారి పోయి చూసిరా, కుక్కని తీసుకుపోకుండా.

పోయినప్పుడు "కుక్కంటే మీకు ఇష్టమా" అని అడగబాక, ఇష్టం లేదని ఎవరూ అనరు. ఇంతకు ముందు ఏదైనా పెంచారా, అది ఏమైంది అని అడుగు. "ఎటో పోయింది", "ఎవరికో ఇచ్చేశాం" అంటే ఆ ఇంట్లో ఇంకో కుక్కకీ అదే గతి. చనిపోయింది అంటే ఏ జబ్బుతో, ఏ డాక్టరుకి చూపించారు అని మెల్లగా అడుగు. చూపించినవాళ్ళకి డాక్టరు పేరు టక్కున గుర్తొస్తుంది. రాత్రి యాడ పడుకోబెడతారు, తిరుమల పోతే ఎవరు అన్నం పెడతారు, ఇంట్లో వద్దనే మనిషి ఎవరైనా ఉన్నారా, ఇవీ అడుగు. అత్తగారు మొహం తిప్పుకొని లోపలికి పోతే అదీ జవాబే. గేటు కింద సందు చూడు, నీ జానెడు కంటే ఎక్కువుంటే వాడు దూరతాడు. ప్రహరీ అయిదడుగులన్నా ఉండాలి. గోడకి ఆనించి ఇటుకల కుప్పో, నీళ్ళ డ్రమ్మో ఉంటే అది వాడికి మెట్టే, తీయించు.

వాడి తప్పులు దాచబాక. ఉరుముకి మంచంకింద దూరి వణుకుతాడనీ, తినేటప్పుడు గిన్నె ముట్టుకుంటే గుర్రుమంటాడనీ ముందే చెప్పు. వాళ్ళింట్లో అయిదేళ్ళలోపు పిల్ల ఉంటే ఆ గుర్రుమనడం చిన్న విషయం కాదు. తెలిస్తే వేరే గదిలో అన్నం పెడతారు. తెలియకపోతే పిల్ల చెయ్యి గిన్నెలో పెడుతుంది, కరుస్తాడు, ఆ రోజే వాణ్ణి రోడ్డుమీదికి తోలేస్తారు. ఒకవేళ పన్ను తగిలితే సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి పోయి ఇంజెక్షన్లు మొదలుపెట్టాలని కూడా చెప్పి పెట్టు, కుక్కకి టీకా ఉన్నా సరే.

ఇప్పుడు నా భయం సంగతి. మీ పాత కుక్క రాణి గుర్తుందా నీకు? నువ్వప్పుడు అయిదో తరగతి. మూలాపేట ఇల్లు ఖాళీ చేసినప్పుడు మీ నాన్న దాన్ని పొదలకూరు వైపు నిమ్మతోటకి ఇచ్చాడు. మంచి మనుషులే. తోట చుట్టూ కంచె కూడా ఉంది. సాయంత్రం తీసుకుపోయి, ఇంత తోట ఉంది కదా హాయిగా తిరగనీ అని దిగీదిగగానే గొలుసు విప్పేశారు. కారు కదలగానే అది వెంటపడింది, కంచె కింద కాలవ సందులోంచి దూరింది. తోటలో కూలీలు పాపం పట్టుకుందామని నలుగురూ నాలుగు వైపుల నుంచి ఉరికారు. దాంతో ఇంకా బెదిరి కనపడకుండా పోయింది. పదకొండో రోజున మూలాపేటలో పక్కింటావిడ ఫోను చేసింది, మీ పాత ఇంటి మెట్లమీద పడుకొని ఉందని. దాదాపు ముప్పై కిలోమీటర్ల దూరం. అరికాళ్ళ తోలు ఊడిపోయింది, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. బతికింది గానీ ఆ మాట ఎత్తితే మీ నాన్న ఇప్పటికీ లేచి వాకిట్లోకి పోతాడు.

అక్కడ జరిగిన తప్పు ప్రేమ లేక కాదు. కుక్కని ఇచ్చేశామని మనకి తెలుసు, కుక్కకి తెలీదు. దాని లెక్కలో అది తప్పిపోయింది, ఇంటికి పోవాలి, అంతే. మూడు రోజులు బెదురుతుంది, మూడు వారాలకి ఇంటి వేళలు పట్టుకుంటుంది, మూడు నెలలకి ఇది నా ఇల్లు అనుకుంటుంది. అందుకని మొదటి పదిహేను రోజులు ప్రహరీ లోపల కూడా ఆరడుగుల తాడు మీదే ఒంటికీ రెంటికీ తీసుకుపోవాలి. గేటు తీసే ముందు కుక్క గదిలో ఉందా అని చూడాలి. పాలవాడు వచ్చినా, గ్యాసు బండ వచ్చినా అంతే.

మెడపట్టీ ఒక్కటే నమ్మబాక. మన నాటుకుక్కలకి తలా మెడా దాదాపు ఒకే లావు, వెనక్కి గింజుకుంటే పట్టీ చెవుల మీదుగా జారి చేతికొస్తుంది. పట్టీ కింద రెండు వేళ్ళు మాత్రమే దూరాలి. దానికి తోడు ఛాతీ చుట్టూ కట్టే పట్టీ, హార్నెస్ అంటారే, అది వేసి, తాడు రెంటికీ కలిపి కట్టాలి. పట్టీమీద నీ నంబరు కాదు, వాళ్ళ నంబరు రాయించు. నువ్వు జర్మనీలో ఉంటావు.

ఒకవేళ తప్పించుకుంటే తరమబాకండి అని వాళ్ళకి గట్టిగా చెప్పు. పేరు పెట్టి అరిచినా పారిపోతాడు. నేలమీద పక్కకి తిరిగి కూర్చోవాలి, కళ్ళలోకి చూడకూడదు, కూర వాసన తగలనివ్వాలి. వాడి పాత దుప్పటి, నీళ్ళు తప్పిపోయిన చోటే పెట్టాలి. తెల్లవారుజామున, పొద్దుగూకేటప్పుడు వెతకాలి, అప్పుడే రోడ్లు సద్దుమణిగి కుక్క బయటికొస్తుంది. రాణి విషయంలో పదకొండు రోజులు ఎవరూ పాత ఇంటికి పోయి చూడలా. మీ ఇంటి పక్కవాళ్ళకి ఇప్పుడే చెప్పి పెట్టు.

ప్రయాణం కారులోనే. ఒంగోలు సుమారు 120 కిలోమీటర్లు, తెల్లవారి అయిదుకి బయలుదేరితే ఎండ ముదరకముందే చేరతారు. నాలుగు గంటల ముందు నుంచి అన్నం పెట్టబాక, నీళ్ళు మాత్రం ఇవ్వు. కావలి దగ్గర ఆగుతారు కదా, డోరు తీసే ముందే తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకో. డోరు తీశాక తాడు వెతికితే హైవే మీద పరుగెత్తాల్సింది నువ్వే.

పది రోజులకి సరిపడా వాడి తిండి వివరంగా రాసివ్వు: ఎన్ని గంటలకి, ఎంత అన్నం, ఎన్ని గుడ్లు. మొదటి రెండ్రోజులు అదే, తర్వాత రోజుకి కొంచెం కొంచెంగా వాళ్ళింటి తిండి కలపాలి. ఒక్కసారి మారిస్తే విరేచనాలే. మొదటి రోజు ముద్ద ముట్టకపోయినా కంగారు లేదు, రెండో రోజు కూడా తినకపోతే డాక్టరు. నీళ్ళే తాగకపోతే ఆ రోజే. ఉల్లిపాయ పడిన సాంబారన్నం వద్దు, దాంతో కుక్క రక్తకణాలు పగిలి రక్తం తగ్గిపోతుంది. పాయసంలో కిస్మిస్ మూత్రపిండాలకి చేటు. పులుసు చేపలో ముల్లు గొంతులో గుచ్చుకుంటుంది. నెల్లూరు కుక్క కాబట్టి చేపల పులుసు వాసనకి వాడు వాళ్ళ వంటింటి గడప దగ్గరే కూర్చుంటాడు, ఇది తప్పకుండా రాయి.

ఒక కాగితం కూడా రాసుకోండి. కుక్క వయసు, టీకా తేదీలు, ఇద్దరి సంతకాలు, వాళ్ళ ఆధార్ నకలు. ఎప్పుడైనా ఉంచుకోలేకపోతే ఇంకెవరికీ ఇవ్వకుండా మీ నాన్నకే ఫోను చెయ్యాలి అని ఒక వాక్యం ఉండాలి. మీ నాన్నకి వీలు కాకపోతే నాకు చెయ్యమను.

దీపావళికి నువ్వుండవు. టపాకాయల రాత్రి వాణ్ణి కిటికీలు మూసిన గదిలో ఉంచి, ఫ్యాను గట్టిగా తిప్పి, పక్కన మనిషి కూర్చోవాలి. ఆ పూట సాయంత్రం ఆరులోపే బయటికి తిప్పి తెచ్చెయ్యమను.

వాడి దుప్పటి ఉతకబాక. నీ పాత చుడీదారు ఒకటి రెండ్రోజులు వేసుకొని, అలాగే ఇచ్చిరా. వాడు గదిలో అన్నం తింటున్నప్పుడే లేచి వచ్చెయ్యి తల్లీ. గేటు దగ్గర నిలబడి పేరు పెట్టి పిలవబాక. నీకది వీడ్కోలు, వాడికి రమ్మన్నట్టు. ఒక నెల వీడియోకాల్లో కూడా నీ గొంతు వినిపించబాక, ఫోటోలు పంపమను చాలు.

నెల్లూరు చేరగానే ఫోను చెయ్యి. ఎంత రాత్రయినా మేలుకొనే ఉంటా.

పెద్దమ్మ