పాత సినిమాలు పోగుచేస్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పాత సినిమాలు పోగుచేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసింది. వందలకొద్దీ ఉండాలని టెన్షన్ పెట్టుకోకు. ముందు ఓ ఇరవై చాలు, కానీ ఇరవైకి ఇరవై పూర్తి సినిమాలై ఉండాలి.

పూర్తి అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, మనకు దొరికే కాపీల్లో పద్యాలూ, పాటలూ ఎగిరిపోవడం మామూలు. ఒక వీసీడీలో, అంటే పాతకాలపు సినిమా సీడీలో, గంటంపావు దాటి కాస్తే పట్టేది. మూడు గంటల సినిమాను రెండు డిస్కుల్లో సర్దాలంటే ఏదో ఒకటి పోవాల్సిందే. 'మాయాబజార్' సంగతే చూడు. 1957లో వచ్చిన అసలు సినిమా మూడు గంటల పైమాటే. 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు నిడివి తగ్గించారు. రంగులది సరదాకి ఉంచుకో, కానీ అదొక్కటే ఉంచుకోకు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే వెలుగునీడలతో చూపించిన ఆ వెన్నెలను నలుపు తెలుపులోనే చూడాలి. ఏ కాపీ చేతికొచ్చినా ముందు నిడివి సరిచూసుకో. ఆ సినిమా పాటల పుస్తకం పాత పుస్తకాల షాపులో కనబడితే వదలకు. పాటలన్నీ అందులో ఉంటాయి కాబట్టి, నీ కాపీలో ఏది పోయిందో ఇట్టే తెలిసిపోతుంది.

మీ తాతగారి వీడియో క్యాసెట్ల మీద తెల్లగా బూజు కనిపిస్తే వీసీఆర్‌లో పెట్టకు. టేపును చదివే హెడ్ పాడవుతుంది, ఆ బూజు మిగతా క్యాసెట్లకూ అంటుకుంటుంది. అవి బాగుచేసి కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్లకే ఇవ్వు. ఎక్కించినదాన్ని రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టి, ఒకటి మీ అక్క ఇంట్లో ఉంచు. మన మొదటి టాకీ, 1932 నాటి 'భక్త ప్రహ్లాద', ఇప్పుడు చూద్దామంటే ప్రింటే లేదు. అందుకే ఇంతగా చెబుతున్నాను.

ఇక టీవీ. ఆ రోజుల్లో బొమ్మ ఇప్పటి టీవీ అంత వెడల్పుగా ఉండేది కాదు. తెర నిండా సాగదీస్తే సావిత్రి ముఖం ఉబ్బినట్టుంటుంది, జూమ్ చేస్తే తలలు తెగిపోతాయి. సెట్టింగ్స్‌లో 4:3 పెట్టి, రెండు పక్కలా నల్లగా వదిలెయ్. కదలికలను నున్నగా చేసే ఆప్షన్ కూడా ఆపెయ్. అది ఉంటే ఎంత గొప్ప సినిమా అయినా సీరియల్‌లా కనిపిస్తుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని చూసినదాన్నే మళ్లీ చూడటం. మొదటిసారి కథ లాక్కుపోతుంది. రెండోసారికి కథ తెలుసు కాబట్టి కళ్లు ఖాళీగా ఉంటాయి, అప్పుడు ఏదో ఒక్కదాని మీద దృష్టి పెట్టు. 'మాయాబజార్'లో పాండవులు ఎక్కడున్నారో వెతుకు. ఒక్కరూ కనిపించరు! అభిమన్యుడి పెళ్లి కథలో అర్జునుడే లేడన్న సంగతి ఎన్నిసార్లు చూసినా పట్టుకోనివాళ్లున్నారు. దర్శకుడు కె.వి. రెడ్డి కథ నడిపిన తీరు అలాంటిది. మరోసారి ఎస్వీ రంగారావు నడకనే చూడు, ఇంకోసారి కళ్లు మూసుకుని పింగళి రాసిన మాటలు విను.

'మిస్సమ్మ'కి ఇంకో పద్ధతుంది. 1955లో ఎల్.వి. ప్రసాద్ ఇదే కథను తమిళంలోనూ తీశారు. అక్కడ ఎన్టీఆర్ పాత్రలో జెమినీ గణేశన్, అక్కినేని పాత్రలో తంగవేలు వేశారు. సావిత్రి, రంగారావు మాత్రం రెండింట్లోనూ ఉన్నారు. తెలుగుది శనివారం, తమిళంది ఆదివారం చూడు. భాష రాకపోయినా ఫరవాలేదు, సన్నివేశాలన్నీ నీకు తెలిసినవే. ఒకే అలకను సావిత్రి రెండు భాషల్లో ఎలా చూపించిందో గమనించు. 'దేవదాసు' వచ్చిన రెండేళ్లకే అక్కినేని ఆ డిటెక్టివ్ వేషం ఎంత హాయిగా వేశారో కూడా చూడు.

ఈ రెండూ అయ్యాక ఫోన్ చెయ్. 'మల్లీశ్వరి' నా దగ్గర మంచి కాపీ ఉంది, దసరాకి వచ్చినప్పుడు హార్డ్ డిస్క్ తెచ్చుకో.

ఆశీస్సులతో,
మామయ్య