ఫైర్ స్టేషన్ ఎన్ని మైళ్ళు, హైడ్రెంట్ ఎన్ని అడుగులు?

డాలస్ శివార్లలో ఒకే బిల్డర్, ఒకే సైజు, ఇంచుమించు ఒకే ధర ఉన్న రెండు ఇళ్ళకు బీమా కోట్‌లు (ప్రీమియం అంచనాలు) తెప్పించుకుంటే హోమ్ ఇన్సూరెన్స్ ఒకదానికి ఎందుకు అంత ఎక్కువ? కొత్తగా ఇల్లు కొనేవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఇది. రూఫు, కవరేజి, డిడక్టబుల్ (నష్టంలో ముందుగా మనమే భరించే భాగం) అన్నీ ఒకటే అయితే, తర్వాత చూడాల్సింది కోట్‌లో వేసిన ప్రొటెక్షన్ క్లాస్.

వెరిస్క్ కంపెనీకి చెందిన ఐఎస్ఓ (ఇన్సూరెన్స్ సర్వీసెస్ ఆఫీస్) ఊరూరి అగ్నిమాపక ఏర్పాట్లను పరిశీలించి 1 నుంచి 10 దాకా ఈ క్లాస్ ఇస్తుంది. 1 అన్నిటికన్నా మేలు, 10 అంటే కనీస ప్రమాణాలకు కూడా అందనట్టు. మొత్తం 105.5 పాయింట్లలో ఫైర్ డిపార్ట్‌మెంట్‌కు 50, నీటి సరఫరాకు 40, కాల్ అందుకుని బండి పంపే వ్యవస్థకు 10, మిగతా 5.5 నివారణ చర్యలకు. 90, ఆపైన వస్తే క్లాస్ 1. వాషింగ్టన్ రాష్ట్రంలో మాత్రం ఈ పని ఐఎస్ఓది కాదు, అక్కడి రేటింగ్ బ్యూరోది. ఆ రాష్ట్రంలోని రెడ్మండ్, బాథెల్‌లో కొనేవాళ్ళు ఆ నంబరే అడగాలి.

సేల్స్ ఆఫీసులో "మా సిటీ క్లాస్ 1 అండీ" అంటే అక్కడితో తృప్తి పడకండి. సిటీకి వచ్చిన క్లాస్ మీ ఇంటికి వర్తించాలంటే, ఐఎస్ఓ గుర్తించిన ఫైర్ స్టేషన్ 5 మైళ్ళ లోపు, లెక్కలోకి వచ్చే హైడ్రెంట్ (మంటలార్పడానికి ఫైర్ ఇంజన్ నీళ్ళు పట్టుకునే వీధి కొళాయి) 1,000 అడుగుల లోపు ఉండాలి. స్టేషన్ దగ్గరే ఉండి హైడ్రెంట్ దూరమైతే 3/3ఎక్స్ లాంటి జంట క్లాసులో రెండోది తగులుతుంది. ఎక్స్ అంటే పాత లెక్కలో క్లాస్ 9తో సమానం. స్టేషనే 5 మైళ్ళు దాటితే సాధారణంగా 10. ఊరి బయట ఎకరం స్థలం, సొంత బోరు అని ముచ్చటపడి కొనేచోట చిక్కంతా ఇదే.

రెండు దూరాలూ గాలిలో గీత గీసి కొలిచేవి కావు. స్టేషన్ దూరం రోడ్డు మీద, హైడ్రెంట్ దూరం బండి గొట్టం పరుచుకుంటూ వచ్చే దారిలో. పెరటి కంచె అవతల, వెనక వీధిలో కనిపించే హైడ్రెంట్ చుట్టూ తిరిగి వస్తే 1,000 అడుగులు దాటిపోవచ్చు. మన వాళ్ళు ఈస్ట్ ఫేసింగ్ లాట్‌కు అదనంగా కట్టడానికి వెనకాడరు, హైడ్రెంట్ ఏ మూలనుందో చూసేవాళ్ళు మాత్రం తక్కువ.

తప్పులు ఎక్కువగా రెండు చోట్ల జరుగుతాయి. ఒకటి అడ్రసు. ఉత్తరాలకు సిటీ పేరున్నా ఇల్లు సిటీ హద్దు బయట, కౌంటీలో ఉండొచ్చు. అప్పుడు మంటలార్పేది వేరే డిస్ట్రిక్ట్, క్లాస్ కూడా దానిదే. రెండోది కాలనీలో కొత్తగా కడుతున్న భాగాలు (ఫేజ్‌లు). వీధి ఇంకా డేటాబేస్‌లోకి ఎక్కక కంపెనీ సిస్టమ్ 10 చూపిస్తుంది. లేదా హైడ్రెంట్ నిలబెట్టి ఉన్నా నీళ్ళు వదలక సంచి తొడిగి ఉంటుంది.

అందుకే క్లోజింగ్‌కు (ఇల్లు మీ పేరు మీదకు మారే రోజుకు) ముందే ఏజెంట్‌కు ఈమెయిల్ పెట్టండి: ఏ క్లాస్ వేశారు, ఏ స్టేషన్ లెక్కలోకి తీసుకున్నారు, హైడ్రెంట్ దూరం ఎంత రాశారు. తేడా కనిపిస్తే ఫైర్ మార్షల్ ఆఫీసుకు అడ్రసు ఇచ్చి, మీ ఇంటికి వచ్చే స్టేషన్, రోడ్డు దూరం, పనిచేసే హైడ్రెంట్ దూరం రాసిన లెటర్ అడగండి. దాన్ని ఏజెంట్‌కు పంపి, క్లాస్ సవరించమనండి. పాలసీ మొదలైపోయి ఉంటే, సవరణ మొదటి తేదీ నుంచే వర్తింపజేసి తేడా వెనక్కిమ్మని కూడా అడగండి. ప్రీమియం ఎస్క్రోలోంచి (లోన్ కంపెనీ నెలనెలా డబ్బు జమచేయించుకుని బీమా కట్టే ఖాతాలోంచి) పోతుంటే లోన్ కంపెనీకీ కొత్త డిక్లరేషన్స్ పేజీ (పాలసీ ముఖ్య వివరాలుండే పేజీ) పంపాలి, లేకపోతే నెలవారీ కోత పాత లెక్కలోనే సాగుతుంది.

క్లాస్ 3 ఉన్న ఊరు వదిలి క్లాస్ 1 ఊరికి పరిగెత్తక్కర్లేదు. ఇళ్ళ విషయంలో ఆ మెరుగైన క్లాసుల మధ్య చాలా కంపెనీలకు పెద్ద తేడా ఉండదు. దెబ్బ తగిలేది 9, 10 దగ్గర. 10 అయితే కొన్ని కంపెనీలు పాలసీయే ఇవ్వవు. ఈ క్లాసుల జోలికే పోకుండా ఆ ప్రాంతంలో వచ్చిన క్లెయిమ్‌లను బట్టి రేటు కట్టే కంపెనీలూ ఉన్నాయి కాబట్టి, క్లాస్ నిజంగానే బాగాలేకపోతే ఇండిపెండెంట్ ఏజెంట్ (పలు కంపెనీల పాలసీలు అమ్మే ఏజెంట్) ద్వారా నాలుగైదు చోట్ల కోట్ తీసుకోండి. కాలిఫోర్నియా కొండ అంచుల్లో కార్చిచ్చు ముప్పు స్కోరు వేరే లెక్క, ప్రొటెక్షన్ క్లాస్ బాగున్నంత మాత్రాన అది తగ్గదు. టెక్సస్‌లో అయితే వడగళ్ళ డిడక్టబుల్ కూడా చూసుకోండి: ఇంటి కవరేజి 5 లక్షల డాలర్లయితే 2 శాతం అంటే రూఫు పోయినప్పుడు మొదటి 10,000 డాలర్లు మీ జేబులోంచే.