లోన్‌తో కొత్త కాపురమా? ముందు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టండి

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. భర్త పోయి తొమ్మిదేళ్లయింది. ఇప్పుడు నేను కలిసి ఉండాలనుకుంటున్న ఆయనకు 57, విడాకులయ్యాయి. ఇద్దరికీ ఎదిగిన పిల్లలున్నారు. మూడేళ్ల కిందట పరిచయమైనప్పుడు ఏ కట్టుబాట్లూ వద్దనే అనుకున్నాం. తీరిక దొరికితే కలవడం, ఎటైనా వెళ్లిరావడం, అంతే. పోయినేడాది ఆయనకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయినప్పుడు పదిహేను రోజులు పక్కనే ఉన్నాను. ఇది కాలక్షేపం కాదని ఇద్దరికీ అప్పుడే తెలిసింది. ఆసుపత్రిలో చేర్చిన రాత్రి అడ్వాన్స్ కట్టమంటే నా కార్డే గీశాను. ఆయన డిపాజిట్ ఆయన ఒక్కరి పేరు మీదే ఉండటంతో నేను దాన్ని తీయలేకపోయాను. ఇప్పుడు ఆయన అద్దె ఇల్లు ఖాళీ చేసి నా ఇంటికి వచ్చేస్తున్నారు. ఇంటి మరమ్మతులకూ, ఒక పెద్ద విహారయాత్రకూ కలిపి మా పది నెలల ఖర్చంత పర్సనల్ లోన్ ఐదేళ్లకు తీసుకుందామనుకుంటున్నాం. వడ్డీ 14 శాతం. తన క్రెడిట్ కార్డు బాకీ వల్ల ఆయన క్రెడిట్ స్కోరు (అప్పు తీర్చే తీరుకు ఇచ్చే మార్కు) పడిపోయింది కాబట్టి లోన్ నా పేరు మీద, ఈఎంఐలో సగం ఆయన ఇస్తారు. మూడేళ్లలో ఆయన రిటైరవుతారు. ఇద్దరి దగ్గరా కలిపి రెండు నెలల ఖర్చుకు సరిపడా డబ్బుంది. ఇది సరైన నిర్ణయమేనా?

జవాబు: కాదు. ఈ లోన్ తీసుకోకండి. ఆయనతో కలిసి ఉండాలన్న మీ నిర్ణయం నిండు మనసుతో తీసుకున్నదని ఉత్తరంలోనే తెలుస్తోంది. బంధం మారినా డబ్బు లెక్క మారకపోవడమే ఇక్కడ పొరపాటు. ఈ వయసులో దగ్గరైన చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. ‘ఈసారి బిల్లు నాది, వచ్చేసారి మీది’ అన్నది భోజనానికి వెళ్లినప్పుడు బాగుంటుంది. ఆసుపత్రి కౌంటర్ దగ్గర అది పనిచేయదని మీరే చూశారు. ఒకే ఇంట్లో ఉండటం మొదలయ్యాక ఆయన కష్టం మీ ఖర్చు, మీ కష్టం ఆయన ఖర్చు. రెండు నెలల నిధి అందుకు చాలదు.

లోన్ వస్తే ఏమవుతుందో లెక్క చూడండి. ఆ మొత్తానికి ఈఎంఐ మీ నెల ఖర్చులో 23 శాతం దాకా పడుతుంది. అంటే రెండు నెలలు వస్తుందనుకున్న డబ్బు ఏడు వారాలకే అయిపోతుంది. తీసుకున్న ప్రతి 100కి తిరిగి కట్టేది దాదాపు 140. ఆయన రిటైరయ్యే నాటికి 36 వాయిదాలే పూర్తవుతాయి. అసలులో దాదాపు సగం అప్పటికీ అలాగే ఉంటుంది, 24 వాయిదాలు జీతం లేని రోజుల్లో కట్టాలి. పైగా సంతకం మీది. ఆయన ఎంత మంచివారైనా, ఒక నెల సగం రాకపోతే బ్యాంకు అడిగేది మిమ్మల్నే, దెబ్బతినేది మీ స్కోరే. ఒకరి స్కోరు బాగాలేదని రెండోవారి పేరు మీద అప్పు తేవడం ప్రేమకు చేసే సాయం కాదు. విహారయాత్రకు అప్పు చేయడం గురించయితే చర్చే అనవసరం.

ముందు ఆ కార్డు బాకీ తీరాలి. కనీస మొత్తం మాత్రమే కడుతూ పోతే నెలకు మూడున్నర శాతం, కొన్ని కార్డుల్లో అంతకన్నా ఎక్కువ వడ్డీ పడుతుంది. అద్దె ఇంటి అడ్వాన్స్ వెనక్కి రాగానే నేరుగా కార్డుకే కట్టించండి. బాకీ ఇంకా మిగిలితే ఇకపై ఆదా అయ్యే అద్దెతో తీర్చేయాలి.

తర్వాత, ఈఎంఐగా కట్టాలనుకున్న ఆ 23 శాతాన్ని ప్రతి నెలా మీ నిధిలోనే వేయండి. సుమారు 18 నెలల్లో రెండు నెలల నిధి ఆరు నెలలకు చేరుతుంది. ఎవరి వాటా ఎంతన్నది జీతాల నిష్పత్తిలో పెట్టుకోండి, సగం సగం కాదు. ఒక నెల ఖర్చు జాయింట్ సేవింగ్స్ ఖాతాలో ఉంచి, మిగతా అయిదు నెలలవి ఇద్దరి పేరు మీద అయిదు వేర్వేరు ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా (ఎఫ్‌డీలు) చేయండి. ఒకటి విరగ్గొడితే మిగతా నాలుగింటి వడ్డీ పోదు. ఇక్కడే చాలామంది ఒక చిన్న గడి వదిలేస్తారు. ‘ఇద్దరిలో ఎవరైనా లేదా జీవించి ఉన్నవారు’ అని రాయించినా, గడువుకు ముందే ఎఫ్‌డీ తీయాలంటే చాలా బ్యాంకులు ఇద్దరి సంతకాలూ అడుగుతాయి. ఒకరు ఐసీయూలో ఉంటే ఆ సంతకం ఎవరు పెడతారు? ఒక్కరే ముందుగా తీసుకోవచ్చన్న అనుమతిని ఎఫ్‌డీ తెరిచే రోజే రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు మీద నమోదైందో లేదో చూసుకోండి.

ఆయనకు ఆఫీసు ఆరోగ్య బీమా ఒక్కటే ఉంటే, సొంత పాలసీ ఈ నెలలోనే తీసుకోవాలి. ముందునుంచీ ఉన్న జబ్బులకు 36 నెలల దాకా వెయిటింగ్ ఉంటుంది, అంటే అప్పటిదాకా వాటికి క్లెయిమ్ రాదు. ఇప్పుడు మొదలుపెడితే రిటైరయ్యే వేళకు అది పూర్తవుతుంది, ఆలస్యమైతే ఆఫీసు కవర్ పోయాక ఆ నెలలన్నీ ఖాళీయే. ఆపరేషన్ సంగతి దరఖాస్తులో దాచకండి, క్లెయిమ్ ఆగిపోయేది అక్కడే. పెళ్లి చేసుకోని జంటను చాలా ఫ్యామిలీ పాలసీల్లో కలిపి చేర్చరు కాబట్టి ఎవరిది వారికి విడిగా తీసుకోండి.

ఇల్లు మీది కాబట్టి, మీ తర్వాత ఆయన జీవించినంతకాలం అందులో ఉండొచ్చని, ఆపైన మీ పిల్లలకని వీలునామాలో రాయండి. మీకు కుటుంబ పెన్షన్ వస్తుంటే పెళ్లి నమోదుకు ముందే దాని నిబంధన చదవండి, చాలా పథకాల్లో మళ్లీ పెళ్లితో అది ఆగిపోతుంది. మ్యూచువల్ ఫండ్లూ, వాటిలో నెలనెలా వేసే సిప్‌లూ ఆరు నెలల నిధి నిండాకే. మరమ్మతుల్లో కప్పు కారడం, వైరింగ్ లాంటివి ఉంటే అవి మాత్రం ఇప్పుడు చేయించండి, రంగులు ఆగుతాయి.

లోన్ దరఖాస్తు మీద మీరు ఇంకా సంతకం చేయకపోతే దాన్ని వెనక్కి ఇచ్చేయండి. ఈ ఆదివారం ఆయన కార్డు స్టేట్‌మెంట్, మీ ఇద్దరి పాస్‌బుక్‌లూ ఒకే బల్ల మీద పరిచి, కలిసి కూర్చుని చూడండి.