టెక్ సందేహాలు: వేళ్లు ముడుచుకుంటే ఫోన్ తాళం ఎవరి చేతికి?

సందేహం: చీమకుర్తి గ్రానైట్ క్వారీలో చాలా ఏళ్లు డ్రిల్లింగ్ పని చేశాను. ఇప్పుడు కుడిచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు అరచేతిలోకి వంగిపోయాయి. ఒంగోలు డాక్టర్ ‘డుపుట్రెన్స్ కాంట్రాక్చర్’ అన్నారు. ఫోన్‌లో ఒకటి నొక్కబోతే ఇంకోటి తగులుతోంది. మా అల్లుడు వాట్సాప్‌లో వచ్చిన ‘పెద్ద బటన్ల’ యాప్ వేశాడు. యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడుగుతోంది. ఇవ్వొచ్చా?

ఇవ్వకండి. ముందు ఆ యాప్ తీసేసి, మిగతాది తర్వాత చదవండి.

చేతులు వణికేవాళ్లు, కీళ్లవాతం ఉన్నవాళ్లు, మీలా వేళ్లు చాపలేనివాళ్లు ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ పంపుతున్నారు. అందరి ఫోన్‌లోకీ ఎవరో ఒకరు ఒక ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా యాప్ వేసే ఫైల్) తోస్తూనే ఉన్నారు. యాక్సెసిబిలిటీ అనేది చూపు, చేతులు సహకరించనివారి కోసం పెట్టిన సదుపాయం. ఆ పర్మిషన్ ఉన్న యాప్ స్క్రీన్ మీద ఉన్నది చదవగలదు, మీ బదులు తనే నొక్కగలదు. అంటే మీ ఓటీపీ చదివి, బ్యాంకు యాప్ తెరిచి, ‘ఓకే’ కొట్టేదీ అదే. తీసేయబోతే ఆ పేజీ తెరవనివ్వని రకాలూ ఉన్నాయి. పెళ్లి శుభలేఖ పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో తిరిగే ఫైళ్లు అడిగేదీ ఈ పర్మిషన్‌నే. బయటి నుంచి వేసిన యాప్‌కు ఇది ఇవ్వబోతే ఆండ్రాయిడ్ 13 నుంచి ఫోన్ అడ్డుపడుతుంది. ఆ అడ్డును దాటించే పద్ధతి కూడా ఆ ఫైల్ పంపినవాడే వీడియో తీసి పంపుతాడు!

ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఫ్లైట్ మోడ్ పెట్టండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి దాన్ని ఆపి, అన్‌ఇన్‌స్టాల్ చేయండి. మొండికేస్తే సేఫ్ మోడ్‌లో (మనం వేసుకున్న యాప్‌లు నడవకుండా ఫోన్ తెరిచే పద్ధతి) తీయండి. పాస్‌వర్డులు వేరే ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అసలు మీకు కావలసింది ఫోన్‌లోనే ఉంది. అదే యాక్సెసిబిలిటీ మెనూలో వేలు ఎంతసేపు ఆనితే నొక్కినట్టో పెంచుకోవచ్చు. వెంటవెంటనే తగిలే టచ్‌లను పట్టించుకోవద్దని చెప్పే సెట్టింగ్ కొన్ని ఫోన్లలో ఉంటుంది. టైపింగ్ బదులు తెలుగులో మాట్లాడండి, కీబోర్డ్ మీది మైకు బాగానే రాస్తుంది. చిల్లర చెల్లింపులకు యూపీఐ లైట్ పెట్టుకుంటే పిన్ కొట్టే బాధ తప్పుతుంది. లాక్‌కు బొటనవేలు, చూపుడువేలు ఇవ్వండి, ఈ జబ్బు వాటి జోలికి వెళ్లడం తక్కువ. అల్లుడి వేలిముద్ర మాత్రం మీ ఫోన్‌లో ఎక్కించకండి. అల్లుడు మంచివాడే కావచ్చు, కానీ వేలిముద్రతో తెరుచుకునే బ్యాంకు యాప్ ఫోన్‌లో ఎక్కిన ఏ వేలికైనా తలుపు తీయొచ్చు.

ఈ జబ్బులో అరచేతి చర్మం కింది పొర గట్టిపడి, తాడులా బిగిసి వేళ్లను లాగుతుంది. వంశపారంపర్యం, షుగర్, ఏళ్ల తరబడి అదిరే యంత్రాలు పట్టుకోవడం, ఇవన్నీ దానికి తోడవుతాయి. పిడికిలి బిగుస్తుంది, తెరుచుకోవడమే కష్టం. అరచేయి బల్ల మీద బల్లపరుపుగా ఆనకపోతే సర్జన్‌ను కలవమంటారు డాక్టర్లు. చిత్రమేమిటంటే ఆధార్ కేంద్రంలో నాలుగు వేళ్ల స్కానర్ పెట్టే పరీక్షా అదే. వంగిన వేలి కొన అద్దానికి ఆనదు, ఆపరేటర్ పైనుంచి అదుముతాడు, మెషిన్ మళ్లీ ఎర్రలైటు చూపిస్తుంది. వేలు చాపలేని మనిషి ఒకడుంటాడని దాన్ని తయారుచేసినవాళ్లకు తట్టలేదా?

అంచులు వంచిన స్క్రీన్లు ఇంకో దరిద్రం. షోకేసులో అందంగా ఉంటాయి. ముడుచుకున్న వేలి కణుపు ఆ వంపుకు తగిలిందంటే ఫోన్ ఎవరికో కాల్ కలిపేస్తుంది. పైగా కింద ఉన్న మూడు బటన్లు తీసేసి, అంచు నుంచి వేలు జరపమనే అప్‌డేట్లు! సెట్టింగ్స్‌లో నావిగేషన్‌కు వెళ్లి ఆ బటన్లను వెనక్కి తెచ్చుకోండి. కొత్త ఫోన్ కొంటే చదునైన స్క్రీన్, చిన్న సైజు చూడండి. కెమెరా మెగాపిక్సెల్స్ సంగతి తర్వాత.

సందేహం: మా నాన్నగారు రైల్వే పెన్షనర్, బిట్రగుంటలో ఉంటారు. ఆయనకూ ఇదే సమస్య. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్‌కు వేలిముద్ర పడటం లేదు.

వేలు అక్కర్లేదు. 2021 నవంబరు నుంచి ముఖం చూపించీ ఇవ్వొచ్చు. ప్లే స్టోర్ నుంచి జీవన్ ప్రమాణ్, ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్‌లు వేసి, వెలుతురున్న చోట నాన్నగారిని కూర్చోబెట్టండి. ఆధార్ బయోమెట్రిక్ లాక్ (మన వేలిముద్ర, ముఖం ఎవరూ వాడకుండా ఆధార్‌లో వేసే తాళం) వేసి ఉంటే ముఖం కూడా పనిచేయదు, ముందు తాత్కాలికంగా తెరవండి. లాక్ వేయలేదా? పని కాగానే వేయండి. రబ్బరు వేలిముద్రలతో ఖాతాల్లో డబ్బు తీసిన కేసులు మన దేశంలో చాలానే ఉన్నాయి. ‘మీ లైఫ్ సర్టిఫికెట్ అప్‌డేట్ చేస్తాం, ఓటీపీ చెప్పండి’ అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. ఇంట్లోనే అయ్యే పనికి నెట్ సెంటర్‌లో ఫోన్ అప్పగించి, పిన్ కూడా చెప్పి, బయట టీ తాగుతూ నిలబడకండి.